మీరు అడిగి ఉంటే చెప్పేవాళ్ళం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ఆదివారమైనా బడికొచ్చి పొద్దుటి నుంచి కుర్చీలు మోస్తున్న పిల్లలకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

మా లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు. "స్టెప్పులు వెయ్యకుండా జవాబు రాస్తే సున్నా వేస్తాను" అని 1986లో మా పదో తరగతి బ్యాచి మొత్తాన్ని బెదిరించారు. ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీరుగా బతికాను, ఆ ఒక్క మాట వల్లే బతికాను. కాబట్టి ఇవాళ కూడా జవాబు చివర్లో చెబుతాను. ముందు స్టెప్పులు.

మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు కొన్నేళ్ళు అమెరికాలో ఉన్నావు కదా, అక్కడ కుటుంబాల పేరిట నడిచే దాతృత్వ సంస్థలు ఎలా పనిచేస్తాయో ఓ అరగంట చెప్పు. స్వర్ణోత్సవం పేరుతో వసూలైన మూలనిధిని ఏం చెయ్యాలో మనం తేల్చుకోవాలి" అన్నారు. నాకు దగ్గరగా చూసే అవకాశం కలిగింది, తర్వాత చదివి తెలుసుకున్నది యూదు కుటుంబాలు పెట్టిన ఫౌండేషన్ల గురించి. ప్రపంచం మొత్తం మీద కోటిన్నర మంది ఉన్న చిన్న సమాజం. తమ బడులు, తమ భాష, తమ వృద్ధులు, తమ శరణార్థులు అనుకుంటూ వందల ఏళ్ళుగా చందాల మీద నిలబడ్డ సమాజం. ఇవ్వడంలో వాళ్ళు చేసినన్ని ప్రయోగాలు, పడినన్ని దెబ్బలు మనకు పనికొస్తాయని అనుకుంటున్నాను.

దానికంటే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పన్నెండేళ్ళ కిందట మా అమ్మ పోయింది. ఆ దుఃఖంలో, ఆవిడ చిన్నప్పుడు చదువుకున్న ఊరి బడికి ఇరవై కంప్యూటర్లు కొనిచ్చాను. గది కట్టించాను. గుమ్మం పక్కన నల్లరాయి మీద బంగారు అక్షరాలతో అమ్మ పేరు, కింద నా పేరు, దాని కింద నా డిగ్రీలు. ప్రారంభోత్సవం రోజున శాలువా కప్పారు, పిల్లలచేత చప్పట్లు కొట్టించారు. నేను కళ్ళు తుడుచుకుని విమానం ఎక్కాను.

రెండేళ్ళ తర్వాత వెళితే ఆ గదికి తాళం. తీయించి చూస్తే కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి. బయట రాయి మాత్రం తళతళలాడుతోంది. ఎవరో రోజూ తుడుస్తున్నారు. హెడ్మాస్టారు నొచ్చుకుంటూనే చెప్పారు: "ఇవన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కాయి సార్. ఒకటి పాడైతే బాధ్యత నాది. నేర్పే మాస్టారు లేరు. కరెంటు బిల్లుకి పద్దు లేదు. మీరు అడిగి ఉంటే చెప్పేవాళ్ళం."

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. వంతెన కట్టే ముందు నేల స్వభావం తెలుసుకోవడానికి పదిచోట్ల బోరు వేయిస్తాను. అమ్మ పేరిట గది కట్టే ముందు ఒక్క మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇక యూదుల సంగతికి వస్తాను. నేను మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ చుట్టుపక్కల కొన్నేళ్ళు పనిచేశాను. నా పక్క సీటులో ఒక యూదు మిత్రుడు ఉండేవాడు. ఒకసారి వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. అప్పుడే పోస్టులో ఒక కవరు వచ్చింది. దాని మీద వాళ్ళ నాలుగేళ్ళ పాప పేరుంది, తండ్రి పేరు కాదు. పాప దాన్ని చించి లోపలున్న బొమ్మల పుస్తకం బయటికి తీసి, "నాది వచ్చింది" అని ఇల్లంతా తిరిగింది. ఎవరు పంపారని అడిగాను. "పీజే లైబ్రరీ. నెలకొకటి వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు" అన్నాడు.

పీజే అంటే పైజమా. రాత్రి పడుకోబోయే ముందు పైజమా వేసుకున్న పిల్లకి అమ్మో నాన్నో చదివి వినిపించే పుస్తకమన్నమాట. దీన్ని పెట్టినవాడు హెరాల్డ్ గ్రిన్‌స్పూన్, ఆ ప్రాంతంలోనే ఇళ్ళు అద్దెకిచ్చే వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. గాయని డాలీ పార్టన్ 1995లో టెన్నెసీలో తన సొంత జిల్లా పిల్లలకు నెలనెలా పుస్తకాలు పంపడం మొదలుపెట్టింది. గ్రిన్‌స్పూన్ ఆ పద్ధతి చూసి, యూదు కథలు, యూదు పండుగలతో అలాంటిదే 2005లో ఆరంభించాడు. ఇప్పుడు ఆ పుస్తకాలు ఎన్నో దేశాలకు నెలకు లక్షల్లో వెళుతున్నాయి. ఇజ్రాయెల్‌లో 2009 నుంచి హీబ్రూలోనూ, 2014 నుంచి అక్కడి అరబ్బు పిల్లలకు అరబ్బీలోనూ ఇలాగే శిశుతరగతుల ద్వారా పుస్తకాలు అందుతున్నాయి.

మీరు గమనించాల్సింది అంకెలు కాదు. ఆ సమాజంలో చాలామంది పెద్దల బాధ ఏమిటంటే, అమెరికాలో పుట్టిన పిల్లలకు తమ సంప్రదాయం దూరమైపోతోంది. మన ప్రవాసాంధ్రుల ఇళ్ళల్లో తెలుగు గురించి పడే బాధే అది. ఆ బాధకు మందుగా పెద్ద భవనం కట్టవచ్చు. ఉపన్యాసాలు పెట్టించవచ్చు. ఈ సంస్థ మాత్రం పడుకునే వేళలో పదిహేను నిమిషాలు ఎంచుకుంది. ఖర్చు మొత్తం తానే పెట్టుకోలేదు. ఏ ఊరికి పుస్తకాలు కావాలన్నా అక్కడి యూదు సంఘాలో, స్థానిక దాతలో వాటా వెయ్యాలి. అందువల్ల ఊరూరా ఆ పనిని "మాది" అనుకునేవాళ్ళు తయారయ్యారు. తాళం వేసిన నా గదిని "మాది" అనుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

అదే భోజనం రోజున వాళ్ళ వంటింటి గట్టు మీద రేకు డబ్బా ఒకటి చూశాను. శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినపు దీపాలు వెలిగించే ముందు అందులో చిల్లర వేస్తారు. పిల్లలచేత వేయిస్తారు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ధనుర్మాసంలో హరిదాసు వస్తే తను వెళ్ళేది కాదు, చిన్న గిన్నెలో బియ్యం పోసి నన్నే పంపేది. ఆయన వంగితే నెత్తిమీది పాత్రలో నా చేత్తో పోయాలి. ఆ వయసులో నాకు సొంత బియ్యం ఎక్కడివి? అయినా ఇచ్చింది నేనే.

ఆ డబ్బాలో వేసేదాన్ని వాళ్ళు హీబ్రూలో త్సెదాకా అంటారు. దానం అని అర్థం చెబుతారు గానీ, ఆ మాటకు మూలం న్యాయం. జాలిపడి ఇచ్చేది కాదు, ఇవ్వాల్సి ఉండి ఇచ్చేది. ఇది విని మా మిత్రుడితో అన్నాను, మా భాషలోనూ అంతేనని. మన వీధిలో యాచకుడు "దయ చూపించండి" అన్నదానికంటే "ధర్మం చెయ్యండి" అన్నదే ఎక్కువ. ధర్మమంటే నీతి, ధర్మమంటే కర్తవ్యం, ధర్మమంటే చేతిలో వేసే రూపాయి కూడా. మూడింటికీ ఒకటే మాట పెట్టుకున్నాం. రోజూ వాడుతూ మరిచిపోయాం.

పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు ఉండేవాడు. ఈజిప్టులో స్థిరపడిన వైద్యుడు కూడా. ఆయన దానాన్ని ఎనిమిది మెట్లుగా విడదీశాడు. అట్టడుగు మెట్టు, మొహం మాడ్చుకుని ఇవ్వడం. దానికంటే మెరుగు, నవ్వుతూ ఇవ్వడం, చాలినంత ఇవ్వకపోయినా సరే. అడిగాక ఇవ్వడం కంటే అడగకముందే ఇవ్వడం మెరుగు. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికీ, పుచ్చుకున్నవాడెవరో ఇచ్చినవాడికీ తెలియకపోవడం పై నుంచి రెండో మెట్టు. అన్నిటికంటే పై మెట్టు గుప్తదానం కూడా కాదు. అప్పు ఇచ్చో, వ్యాపారంలో భాగం ఇచ్చో, పని చూపించో, ఆ మనిషి మళ్ళీ చెయ్యి చాచే అవసరం లేకుండా చెయ్యడం. నా నల్లరాయి ఏ మెట్టు మీద ఉందో లెక్క వేసుకున్నాను. పైవైపు నుంచి వెతికితే చాలాసేపటి దాకా కనబడలేదు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మనిషి గురించి చెబుతాను. పేరు జూలియస్ రోజెన్‌వాల్డ్. జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. బట్టల వ్యాపారంలో మొదలై, పోస్టు ద్వారా సరుకులు అమ్మే సియర్స్ కంపెనీని షికాగోలో మహాసంస్థగా పెంచాడు. షికాగో యూదు ధర్మసంస్థల్లో ముందుండి పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తూర్పు ఐరోపా యూదులు ఆకలితో అల్లాడుతుంటే అమెరికా యూదులు 1917లో కోటి డాలర్లు వసూలు చెయ్యాలని పూనుకున్నారు. రోజెన్‌వాల్డ్ పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. అయితే ఒక షరతు. మిగతావాళ్ళు పోగుచేసిన ప్రతి పది లక్షలకూ తను ఒక లక్ష చొప్పున ఇస్తాడు. అంటే తన సొమ్ము పూర్తిగా రావాలంటే పెద్దా చిన్నా అందరూ కదలాలి.

ఈ పద్ధతిని ఆయన తన మతం వాళ్ళకే పరిమితం చెయ్యలేదు. 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకు విరాళాలు పంచుతూ, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ నడుపుతున్న టస్కీగీ విద్యాసంస్థకు 25 వేల డాలర్లు ఇచ్చాడు. అందులో కొంత మిగిలితే, దానితో పల్లెల్లో నల్లవారి పిల్లలకు ఆరు చిన్న బడులు కట్టి చూస్తామని వాషింగ్టన్ అడిగాడు. ఆ ఆరు 1932 నాటికి దక్షిణాది 15 రాష్ట్రాల్లో దాదాపు ఐదు వేల బడులయ్యాయి. కవయిత్రి మాయా ఏంజెలో, పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ అలాంటి బడుల్లోనే చదువుకున్నారు.

మాస్టారూ, ఇక్కడ లెక్క చూడండి. ఆ బడుల కోసం రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 43 లక్షల డాలర్లు. ఆ పల్లెల్లోని నల్లవారు తమంత తాము వేసుకున్న చందా సుమారు 47 లక్షల డాలర్లు. పుచ్చుకున్నవాళ్ళు ఇచ్చినవాడి కంటే ఎక్కువ ఇచ్చారు! అన్నిటికంటే పెద్ద వాటా ప్రభుత్వపు పన్నుల సొమ్ము. అది కూడా ఈ రెండు చేతులూ కలిశాకే కదిలింది. డబ్బు లేనివాళ్ళు స్థలం ఇచ్చారు, కలప ఇచ్చారు, వడ్రంగం చేశారు. ఆ శ్రమను కూడా చందాగానే లెక్కగట్టారు.

ఇంజనీరుగా నాకు ముచ్చటేసిన విషయం ఇంకొకటి. ఆ పల్లెల్లో కరెంటు లేదు. అందుకని బడి నమూనాలు గీసినవాళ్ళు తూర్పు పడమరల వెలుతురు పడేలా గదులను తిప్పి, వరసగా ఎత్తయిన కిటికీలు పెట్టారు. గదుల మధ్య గోడ కొన్నిచోట్ల పక్కకు జరిగేది. పగలు రెండు తరగతులు, సాయంత్రం అదే ఊరి సభామందిరం. ఎవరికోసం కడుతున్నారో వాళ్ళ బతుకు తెలిసినవాళ్ళు గీసిన నమూనా అది.

ఇందులో చేదు కూడా ఉంది, దాచను. ఆ నల్లవారు అప్పటికే పన్నులు కడుతున్నారు. ఆ పన్నులతో వాళ్ళ పిల్లలకు బడి కట్టాల్సిన ప్రభుత్వాలు కట్టలేదు. కాబట్టి ఒకే బడికి రెండుసార్లు డబ్బు కట్టినట్టయింది. "నువ్వు వేస్తే నేను వేస్తాను" అనే షరతు పేదవాడి మీద ఎంత బరువు పెడుతుందో చూసుకోవాలి. మన పిల్లల తల్లిదండ్రుల దగ్గర వసూళ్ళకు దిగేముందు మనమూ చూసుకోవాలి.

రోజెన్‌వాల్డ్‌కు రెండు పట్టుదలలు ఉండేవి. ఒకటి పేరు విషయం. షికాగోలో పెద్ద శాస్త్ర, పరిశ్రమల మ్యూజియానికి డబ్బిచ్చి దానికి తన పేరు వద్దన్నాడు. రెండోది, శాశ్వత నిధులంటే ఆయనకు గిట్టదు. ఈ తరం సొమ్ము ఈ తరం అవసరానికే ఖర్చవ్వాలి, రాబోయే తరానికి దాని దాతలు దానికి పుడతారు అని ఆయన వాదన. దీని మీద 1929లో పత్రికలో వ్యాసం రాశాడు. తను పోయిన 25 ఏళ్ళ లోపల నిధి మొత్తం ఖర్చు చేసెయ్యాలని నియమం పెట్టాడు. ఆయన 1932లో పోయాడు. ధర్మకర్తలు గడువు కంటే ముందే, 1948లో, ఆఖరి డాలరు కూడా ఖర్చుపెట్టి సంస్థను మూసేశారు.

ఇదే దారిలో ఇటీవలి ఉదాహరణ, 1984లో జాల్మన్ బెర్న్‌స్టీన్ అనే వాల్ స్ట్రీట్ వ్యాపారి పెట్టిన ఫౌండేషన్. దాని పేరు హీబ్రూలో అవి ఖై. "మా నాన్న బతికే ఉన్నాడు" అని అర్థం. తండ్రి జ్ఞాపకంగా పెట్టిన సంస్థ, కానీ తండ్రి పేరు ఎక్కడా లేదు, తన పేరూ లేదు. యూదు బడులకు సాయం చెయ్యడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. భవనాలు కట్టుకునే బడులకు వడ్డీ లేని అప్పులు ఇచ్చేది. అప్పు ఎందుకంటే, తిరిగొచ్చిన సొమ్ము ఇంకో బడికి వెళుతుంది. మైమోనిడీస్ పై మెట్టులో అప్పును ఎందుకు పెట్టాడో అది చూస్తే అర్థమవుతుంది. ఆ సంస్థ కూడా కలకాలం ఉండాలనుకోలేదు. ముందే గడువు పెట్టుకుని, ఆ గడువు ప్రకారం 2019 చివరికి విరాళాల పని ముగించింది.

గడువు పెట్టుకోకుండా, డబ్బు దాచి వడ్డీతో నడుపుదామనుకుంటే వచ్చే ప్రమాదం ఒకటుంది. బెర్నార్డ్ మడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి దశాబ్దాల పాటు అందరినీ నమ్మించి 2008 డిసెంబరులో పట్టుబడ్డాడు. అతనూ యూదుడే. "మనవాడే కదా" అన్న నమ్మకంతో ఎన్నో యూదు కుటుంబాల ఫౌండేషన్లు అతని దగ్గర సొమ్ము పెట్టాయి. మసాచుసెట్స్‌లోనే సేలం ఊళ్ళో రాబర్ట్ లాపిన్ అనే ఆయన ఫౌండేషన్ యూదు పిల్లలను ఇజ్రాయెల్ యాత్రకు పంపేది. దాని 80 లక్షల డాలర్లు ఒక్క రోజులో గాలిలో కలిసిపోయాయి. సంస్థ మూతపడింది. ఆయన ఉద్యోగుల పదవీ విరమణ సొమ్ము కూడా అక్కడే ఉంది. లాపిన్ ఏం చేశాడంటే, తన సొంత డబ్బు 50 లక్షల డాలర్లు తెచ్చి ఆ ఉద్యోగుల నష్టం పూడ్చాడు. సంస్థ తర్వాత మళ్ళీ నిలబడింది. ఈసారి ఊళ్ళోవాళ్ళ చందాలు కూడా కలిశాయి. ఆ పెద్దమనిషికి దండం పెట్టాల్సిందే. కానీ మన సంఘానికి పాఠం వేరే ఉంది. "మన బ్యాచివాడే కదా" అని లెక్కలు అడగడం మానకూడదు.

ఇంకో మాట కూడా చెప్పకపోతే కథ సగమే చెప్పినట్టు. 1993లో నా మొదటి ఉద్యోగం పుణేలో. రోజూ స్టేషను దగ్గర ససూన్ ఆసుపత్రి ముందు నుంచి వెళ్ళేవాణ్ణి. ససూన్ ఎవరో తెల్లదొర అనుకున్నాను. తర్వాత తెలిసింది, డేవిడ్ ససూన్ బాగ్దాదు నుంచి బొంబాయికి వచ్చిన యూదు వర్తకుడని. తన మతస్థులకు ప్రార్థనామందిరాలు కట్టించాడు, అందరికీ ఆసుపత్రి కట్టడానికి విరాళమిచ్చాడు. పుణేలో ఎర్ర ఇటుకలతో ఉన్న ఆ మందిరాన్ని మరాఠీవాళ్ళు లాల్ దేవళ్ అంటారు. అయితే ఆ కుటుంబం సంపదలో పెద్ద భాగం చైనాకు నల్లమందు అమ్మితే వచ్చింది. ఆసుపత్రిలో కోలుకున్న రోగీ నిజమే, అక్కడ మత్తులో చితికిపోయిన కుటుంబమూ నిజమే. శిలాఫలకం మీద ఒక సగమే రాస్తారు.

అలాగే నేటి యూదు సమాజంలోనే పెద్ద ఫౌండేషన్ల మీద విమర్శ ఉంది. నాలుగు సంపన్న కుటుంబాలు ఏది ముఖ్యమనుకుంటే సమాజం మొత్తానికి అదే ముఖ్యమైపోతోందని. టీచరు జీతం పెంచడానికి దొరకని డబ్బు, కొత్త పథకం పేరు చెబితే దొరుకుతోందని. ఈ విమర్శ వినగానే నాకు ఇరవై ప్లాస్టిక్ కవర్లు కళ్ళముందు కనబడ్డాయి.

ఇక మన సంగతి. కార్యవర్గం ముందు ఉన్న ప్రతిపాదన నాకు తెలుసు. బడి ముందు స్వర్ణోత్సవ తోరణం. ఆర్చి మీద సంఘం పేరు, రెండు స్తంభాల మీద పాతికవేల పైన ఇచ్చిన దాతల పేర్లు. డిజైను నన్నే చూడమన్నారు. చూశాను. పునాదికి ఢోకా లేదు. కానీ నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చి, మాస్టార్లతో, పదో తరగతి ఆడపిల్లలతో కాసేపు కూర్చున్నాను. ఈసారి అడిగాను. తోరణం కావాలని ఒక్కరూ అనలేదు. వాళ్ళేమన్నారో నేను చెప్పను. వాళ్ళే చెప్పాలి, కార్యవర్గం పిలిచి వినాలి.

నా ప్రతిపాదన ఇది. తోరణం ఆపుదాం. మూలనిధిని బ్యాంకులో పెట్టి, వడ్డీ చూసి మురిసిపోకుండా, పదేళ్ళలో పూర్తిగా ఖర్చు పెడదాం. ఏం చెయ్యాలో తేల్చే కమిటీలో సగం మంది ఈ బడిలో ఇప్పుడు పనిచేస్తున్న మాస్టార్లు, చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు ఉండాలి. లెక్కలు ఏడాదికోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. నా వంతు పది లక్షలు. అయితే రోజెన్‌వాల్డ్ పద్ధతిలోనే ఇస్తాను. పూర్వ విద్యార్థులు వేసిన ప్రతి రూపాయికీ ఒక రూపాయి. ఈ ఊళ్ళో ఉండి ఒకరోజు మేస్త్రీ పని చేసిన మన సహాధ్యాయి శ్రమ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, ఆ రోజు కూలి రేటు కట్టి. ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లిదండ్రుల దగ్గర మాత్రం ఒక్క పైసా అడగొద్దు. వాళ్ళు పన్ను ఇప్పటికే కట్టారు.

నా పేరు ఎక్కడా వద్దు. ఇది వినయం కాదు. ఒకసారి రాయించుకుని చూశాను, అంతే.

ఆఖరి స్టెప్పు. అమ్మ ఊరి బడి ఏమైందో చెప్పాలి కదా. కొత్త హెడ్మాస్టరమ్మ వచ్చాక మళ్ళీ వెళ్ళాను. "మీకేం కావాలి?" అని అడిగాను. ఆవిడ నా వైపు చూసి, నిజంగానే అడుగుతున్నానా లేదా అని అంచనా వేసి, అప్పుడు చెప్పారు. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళు లేవు. మోటారు ఉంది, కాలిపోయింది. ఎనిమిదో తరగతి నుంచి ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు బడికి రావడం లేదు. ఇరవై కంప్యూటర్లు ఇచ్చిన మహానుభావుడికి ఆ మోటారు కనబడలేదు!

మోటారు సగం ఖరీదు నేను పెట్టుకున్నాను. మిగతా సగం ఆ బడి పూర్వ విద్యార్థులు వేసుకున్నారు. ఆ ఊళ్ళోనే ఎలక్ట్రీషియన్‌గా ఉన్న ఒక పూర్వ విద్యార్థి బిగించాడు, కూలి తీసుకోలేదు. పాత కంప్యూటర్లలో పనికొచ్చే ఆరింటిని అతనే బాగుచేసి పెట్టాడు. ఆ మోటారు రెండుసార్లు చెడింది. రెండుసార్లూ నాకు ఫోన్ రాలేదు. అతనే వెళ్ళి బాగుచేసుకున్నాడు. మూడోసారి నేనే ఫోన్ చేసి, "మోటారు ఎలా ఉంది?" అన్నాను. "మా మోటారుకేం సార్, బాగానే ఉంది" అన్నాడు.

మాస్టారూ, నా జవాబు అదే. మార్కులు మీ ఇష్టం.

సెలవు.